రంగు చేప పిల్లలు చనిపోతున్నాయా? మందుకు ముందు నీళ్లు చూడండి

పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు కట్టుకుని గప్పీ, మోలీ, ప్లాటీ, గోల్డ్‌ఫిష్ వంటి రంగు చేపలు పెంచే చిన్న రైతులకు అసలు నష్టం పెద్ద చేపల్లో రాదు, పిల్లల్లో వస్తుంది. గోల్డ్‌ఫిష్ ఒక్కోసారి వందల నుంచి వేల గుడ్లు పెడుతుంది. అందులో ఎన్ని అమ్మకానికి వస్తాయన్నది మొదటి నాలుగైదు వారాల్లోనే తేలిపోతుంది. ఆ నెలలో ఒక తొట్టి పోయిందంటే మేత, కరెంటు, కష్టం, మూడు నెలల ఆదాయం కలిసి పోయినట్టే.

సాధారణంగా జరిగేది ఇది. ఉదయం చూస్తే పది పిల్లలు తేలి ఉంటాయి. రైతు అక్వేరియం దుకాణానికి వెళ్లి ఏదో నీలం మందో పచ్చ మందో తెచ్చి పోస్తాడు. మర్నాటికి వంద పోతాయి. మందు మంచిది కాదనుకుని ఇంకొకటి తెస్తాడు. నిజానికి ఆ తొట్టిలో చాలాసార్లు జబ్బే ఉండదు. నీళ్లు చెడి ఉంటాయి. చెడిన నీళ్లలో మందు పోస్తే పిల్లలకు రెండో దెబ్బ తగులుతుంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఏ మందు అని కాదు, ఇది జబ్బా, నీటి దోషమా అని.

జబ్బా, నీటి దోషమా?

దీనికి గుర్తు తేలికే. తొట్టిలోని అన్ని రకాల పిల్లలూ ఒకేసారి, కొద్ది గంటల్లో ఇబ్బంది పడితే అది నీటి దోషం. ఒకటి రెండు పిల్లలతో మొదలై, రోజురోజుకూ లెక్క పెరుగుతూ, ఒంటి మీద మచ్చో పుండో కనిపిస్తూ పోతే అది జబ్బు. జబ్బు పాకడానికి రోజులు కావాలి. చెడిన నీళ్లకు గంటలు చాలు.

పై నుంచి చూసి నిర్ణయించకండి. నాలుగైదు పిల్లల్ని గాజు సీసాలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి, పక్క నుంచి చూడాలి. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఒంటి మీద చుక్కలు, రెక్కల అంచులు, నోరు, మొప్పల రంగు, పొట్ట నిండి ఉందా ఖాళీగా ఉందా అన్నవి వరుసగా గమనించాలి.

చనిపోయే వేళను బట్టి కారణం

ఏ వేళ చనిపోతున్నాయో రాసి పెట్టుకుంటే సగం రోగ నిర్ధారణ అయినట్టే.

తెల్లవారుజామున పిల్లలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతూ, ఎండ వచ్చాక తేరుకుంటుంటే ప్రాణవాయువు చాలడం లేదు. నీళ్లు పచ్చగా ఉన్న తొట్లలో పగలు నాచు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే నాచు వాడుకుంటుంది. రాత్రంతా ఎయిరేటర్ నడపాలి. కరెంటు పోయే చోట పిల్లలను పలచగా ఉంచాలి. సాయంత్రం పొద్దుపోయాక మేత వేయకూడదు.

మధ్యాహ్నం, ముఖ్యంగా బాగా పచ్చబడ్డ తొట్టిలో పిల్లలు గిరగిరా తిరిగి అడుగుకు పడిపోతుంటే అమ్మోనియాను అనుమానించాలి. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. ఇది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయనిది, రెండోది విషం. ఏది ఎంత ఉంటుందో నీటి పి.హెచ్. నిర్ణయిస్తుంది. 28 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో పి.హెచ్. 7 ఉంటే నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. పి.హెచ్. 8 అయితే 6 పాళ్లు దాటుతుంది. 9కి చేరితే 40 పాళ్లు దాటుతుంది. నాచు ఎక్కువైన తొట్టిలో పగటి పూట పి.హెచ్. 9కి చేరడం మామూలే. అంటే ఉదయం పిల్లలు భరించిన నీళ్లే మధ్యాహ్నానికి విషమవుతాయి. మేత ఆపడం, అడుగున చెత్త గొట్టంతో లాగేయడం, మూడో వంతు నీళ్లు మార్చడం, తొట్టి మీద నీడ వేయడం దీనికి చికిత్స.

నీళ్లు మార్చిన గంటా రెండు గంటల్లో చనిపోతే కారణం కొత్త నీళ్లే. పంచాయతీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వాటిని వేరే తొట్టిలో పట్టి, ఎయిరేటర్ పెట్టి, కనీసం ఒక రోజు ఉంచాకే వాడాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కదా అని నేరుగా వదలొద్దు. వాటిలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. కొన్ని చోట్ల ఇనుము కూడా ఉంటుంది. ఎత్తు నుంచి ధారగా పడేటట్టు పట్టి, ఒక రోజు గాలి ఆడనివ్వాలి. పాత నీళ్లకూ కొత్త నీళ్లకూ వేడిలో రెండు డిగ్రీల కంటే ఎక్కువ తేడా లేకుండా చూసుకోవాలి.

మొప్పలు ఎర్రగా కాకుండా చాక్లెట్ రంగులో ఉండి, ఎయిరేటర్ నడుస్తున్నా పిల్లలు రొప్పుతుంటే అది నైట్రైట్ దోషం. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. వెయ్యి లీటర్లకు కిలో కల్లుప్పు కరిగించి పోస్తే ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి వెళ్లనివ్వదు. ఈలోగా నీళ్లు మార్చుకోవాలి.

కొత్త తొట్టి విషయం

కొత్తగా కట్టిన సిమెంటు తొట్టిలో పిల్లలు వదిలి నష్టపోయినవారు చాలామంది ఉన్నారు. సిమెంటులోని సున్నం ఊరి పి.హెచ్. బాగా పెరుగుతుంది. నీళ్లు నింపి, మూడు నాలుగు రోజులు ఉంచి, పారబోసి మళ్లీ నింపాలి. ఇలా కనీసం మూడు వారాలు చేయాలి. కొందరు అరటి బోదె ముక్కలు వేసి నానబెడతారు. అది వేసినా నీళ్లు పారబోయడం మాత్రం మానకూడదు. చివర పి.హెచ్. కాగితంతో చూసుకుని, ముందు నాలుగైదు పెద్ద చేపలు వదిలి వారం గమనించాలి.

సున్నం పోయినంత మాత్రాన తొట్టి సిద్ధమైనట్టు కాదు. అమ్మోనియాను హాని లేని రూపంలోకి మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు మీద, గోడల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత తొట్టిలోని స్పాంజి ఫిల్టరును తెచ్చి పెడితే ఈ గడువు తగ్గుతుంది. అయితే ఆ పాత తొట్టిలో జబ్బు లేదని రూఢి చేసుకోవాలి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ సూక్ష్మజీవులు పోతాయి. తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండి పెట్టాలి.

జబ్బు కాని జబ్బులు

గోల్డ్‌ఫిష్ గుడ్లు పగిలాక మొదటి రెండు మూడు రోజులు పిల్లలు గోడకో మొక్కకో అతుక్కుని కదలకుండా ఉంటాయి. ఇది జబ్బు కాదు. పొట్ట కింద సొన సంచి కరిగేదాకా అంతే. ఆ సమయంలో మేత వేస్తే నీళ్లు చెడటం తప్ప లాభం లేదు. అవి ఈదడం మొదలుపెట్టాకే మేత.

కొన్ని పిల్లలు ఈదలేక అడుగున పొట్టతో పాకుతుంటాయి. గోల్డ్‌ఫిష్ వంటి చేపల పిల్లలు మొదట్లో పైకి వచ్చి ఒక్క గుక్క గాలి మింగితేనే గాలితిత్తి నిండుతుంది. నీటి పైన నూనె తెట్టు కట్టి ఉంటే ఆ గాలి అందదు. గుడ్డు సొన ఎక్కువగా వేసే తొట్లలో ఈ తెట్టు కడుతుంది. కాగితాన్ని నీటి పైన పరిచి లాగేస్తే తెట్టు పోతుంది. ఫైటర్, గౌరామీ పిల్లలకు మూడు నాలుగు వారాల వయసులో గాలి పీల్చే అవయవం తయారవుతుంది. అప్పుడు చల్లగాలి తగలకుండా తొట్టికి మూత ఉంచాలి.

చచ్చిన పిల్లలు కనిపించవు, లెక్క మాత్రం తగ్గుతుంటుంది. ఇలాంటప్పుడు అడుగున చెత్తలో తూనీగ పిల్లపురుగుల కోసం వెతకండి. తూనీగలు తెరిచి ఉన్న తొట్లలో గుడ్లు పెడతాయి. ఆ పురుగులు చేప పిల్లల్ని పట్టి తింటాయి. గప్పీ, మోలీల్లో అయితే తల్లులే పిల్లల్ని తింటాయి. తొట్టిపై సన్నకంటి వల వేయడం, ఈనగానే పిల్లల్ని వేరు చేయడం దీనికి మార్గం. దీనికి మందు లేదు, అక్కర్లేదు.

అసలు జబ్బులు

తెల్ల చుక్కల జబ్బు: రంగు చేపల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఒంటి మీద, రెక్కల మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తాయి. పిల్లలు రాళ్లకు ఒళ్లు రాసుకుంటాయి. చలికాలంలో రాత్రి నీళ్లు చల్లబడి పగలు వేడెక్కే తొట్లలో, కొత్త చేపలు తెచ్చిన వారం పది రోజుల్లో ఇది ఎక్కువ. పసిపిల్లల్లో పరాన్నజీవి ముందు మొప్పల్లో చేరుతుంది. ఒంటి మీద చుక్క కనిపించకుండానే రొప్పి చనిపోవచ్చు.

ఈ జబ్బు ఎందుకు లొంగదో తెలిస్తేనే చికిత్స కుదురుతుంది. చుక్కలో ఉన్న పరాన్నజీవి చర్మం లోపల ఉంటుంది, మందు దాన్ని తాకదు. అది పెరిగి, చేపను వదిలి అడుగుకు జారి, గుల్ల కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ రెండు రోజుల్లోపు చేపను పట్టుకోకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. 25 డిగ్రీల పైన ఈ చక్రం వారం లోపే తిరుగుతుంది, చలిలో వారాలు సాగుతుంది. అందుకే రెండో రోజున చుక్కలు పోయాయని చికిత్స ఆపినవారికి వారానికే జబ్బు రెట్టింపై తిరిగి వస్తుంది. వెయ్యి లీటర్లకు మూడు కిలోల ఉప్పు వేసి, రోజూ అడుగు చెత్త లాగుతూ, కనీసం పది రోజులు కొనసాగించాలి. చలికాలంలో రెండు మూడు వారాలు తప్పదు. హీటరుతో నీళ్లను మెల్లగా 30 డిగ్రీలకు తేగలిగితే గుణం త్వరగా కనిపిస్తుంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఎయిరేటర్ ఆగకూడదు.

పసుపు పొడి జబ్బు: చీకట్లో టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే ఒంటి మీద పసుపు చల్లినట్టు మెరుపు కనిపిస్తుంది. రెక్కలు ముడుచుకుంటాయి. ఈ పరాన్నజీవికి కొంత వెలుతురు కావాలి. కాబట్టి తొట్టిని గోనె పట్టాతో కప్పి, పైన చెప్పిన మోతాదులోనే ఉప్పు వాడాలి.

మొప్ప పురుగులు: గోల్డ్‌ఫిష్, కోయ్ పిల్లల్లో ఎక్కువ. నీళ్లు బాగున్నా పిల్లలు రొప్పుతాయి, ఒక మొప్ప మూత తెరుచుకునే ఉంటుంది. మొప్ప ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేం. ఈ పురుగుల్లో కొన్ని గుడ్లు పెడతాయి. మందు గుడ్లను చంపదు కాబట్టి ఒక్కసారి వైద్యంతో పోవు. పరీక్ష చేయించి, నిపుణులు చెప్పిన మందు చెప్పిన విరామంతో వాడాలి.

తెల్ల నోరు జబ్బు: నోటి చుట్టూ, వీపు మీద బూడిద తెలుపు మచ్చ వస్తుంది. చూడటానికి బూజులా ఉంటుంది గానీ ఇది బాక్టీరియా. ఎండాకాలంలో కిక్కిరిసిన తొట్లలో ఒకటి రెండు రోజుల్లోనే తొట్టి ఖాళీ అవుతుంది. తెల్ల చుక్కలకు వేడి పెంచడం మంచిదైతే, దీనికి అదే వేడి ప్రమాదం. అందుకే చుక్కా, మచ్చా అన్న తేడా చూసి తీరాలి. జబ్బు పిల్లల్ని వెంటనే వేరుచేసి, మిగిలినవాటిని పలచన చేసి, పరీక్షకు పంపాలి.

రెక్కల కుళ్లు: రెక్కల అంచులు చిరిగి తెల్లబడతాయి. నీళ్లు పాడైనప్పుడు వస్తుంది. మొదట్లోనే నీళ్లు బాగుచేస్తే చాలావరకు మందు లేకుండానే మానుతుంది.

బూజు: దూది పింజెలా ఉంటుంది. దెబ్బ తగిలినచోట, చచ్చిన గుడ్ల మీద పడుతుంది. తెల్లబడ్డ గుడ్లను డ్రాపరుతో ఏరేస్తే మంచి గుడ్లకు పాకదు.

వంకర నడుము: ఒకే కుటుంబంలో తరతరాలుగా జత కట్టించినా, మేతలో సి విటమిన్ లోపించినా ఇలా అవుతుంది. తల్లి చేపలను అప్పుడప్పుడు మార్చుకోవాలి. నడుం వంగడంతో పాటు చిక్కిపోవడం, మానని పుండ్లు ఉంటే చేపల క్షయ కావచ్చు. ఇది చేతి మీది గాయాల ద్వారా మనుషులకూ సోకుతుంది. చేతికి కోత ఉన్నప్పుడు గ్లౌజు లేకుండా తొట్టిలో చేయి పెట్టొద్దు. చేతి మీద మానని కురుపు ఉంటే, చేపలు పెంచుతున్నామని డాక్టరుకు చెప్పాలి.

ఉప్పు లెక్క

తొట్టి పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో కొలిచి మూడింటినీ హెచ్చవేసి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర నీళ్లుంటే 36 ఘనపుటడుగులు, అంటే సుమారు వెయ్యి లీటర్లు. దానికి మూడు కిలోల ఉప్పు. మొత్తం ఒకేసారి వేయకూడదు. బకెట్టు నీళ్లలో కరిగించి, రోజుకు కిలో చొప్పున మూడు రోజులు పోయాలి. ఉప్పు రాళ్లను నేరుగా పిల్లల మీద చల్లొద్దు. ఎండకు ఇగిరిపోయిన నీటికి బదులు మంచినీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఇగరదు. తీసేసిన నీటి మేరకు మాత్రం ఉప్పు మళ్లీ కలపాలి. పొలుసులు లేని మీసాల చేపలకు సగం మోతాదుతో మొదలుపెట్టి గమనించాలి. తొట్టిలోని మొక్కలను ముందే తీసేయాలి.

ఇవి చేయొద్దు

మనుషులు మింగే క్యాప్సూళ్లు విప్పి తొట్టిలో కలపడం చాలాచోట్ల ఉంది. దానివల్ల ఫిల్టరులోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బతిని అమ్మోనియా పెరుగుతుంది. జబ్బు క్రిములు మందుకు మొండికేస్తాయి. మైలుతుత్తం మెత్తటి నీళ్లలో పిల్లలకు విషమే. ఫార్మాలిన్, మలకైట్ గ్రీన్ వాడేవారికి కూడా హాని చేస్తాయి. రెండు మందులు కలిపి పోయడం అసలే కూడదు. మందు కలిపిన నీళ్లను తినే చేపల చెరువులోకి, పంట కాలువలోకి వదలొద్దు.

రాకుండా చూసుకోవడం

కొత్త చేపలు ఎంత నమ్మకమైన చోట కొన్నా రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. గోల్డ్‌ఫిష్‌లో, కోయ్‌లో వైరస్ జబ్బులు మన దేశంలోనూ బయటపడ్డాయి. వాటికి మందు లేదు. వాటిని తొట్టిలోకి రానీయకపోవడం ఒక్కటే మార్గం. ఆ తొట్టికి వల, బకెట్టు, గొట్టం విడిగా ఉండాలి. వలలను వాడిన తర్వాత ఎండలో కరకరలాడేలా ఎండబెడితే చాలా క్రిములు పోతాయి. పనులు ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్న తొట్టితో మొదలుపెట్టి జబ్బు తొట్టితో ముగించాలి.

మేత రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ అయిదు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. గుడ్డు సొనను గుడ్డలో కట్టి నీళ్లలో పిండి, చిటికెడు మేరకే ఇవ్వాలి. ఆర్టీమియా గుడ్లను ఉప్పు నీళ్లలో పొదిగితే సుమారు ఒక రోజులో పిల్లలు వస్తాయి. చేప పిల్లలకు అంతకు మించిన తొలి మేత లేదు. మురుగు కాలువల నుంచి తెచ్చే ఎర్ర పురుగులతో పాటు జబ్బులూ వస్తాయి. పిల్లలు పెరిగేకొద్దీ పలచన చేయాలి. రెండు మూడు రోజులకోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి.

పరీక్షకు పంపేటప్పుడు

చచ్చి తేలిన చేప పరీక్షకు పనికిరాదు, వేడికి గంటల్లోనే కుళ్లుతుంది. జబ్బు లక్షణాలున్న బతికిన పిల్లలు నాలుగైదింటిని ప్రాణవాయువు నింపిన కవరులోనూ, తొట్టి నీళ్లను విడిగా శుభ్రమైన సీసాలోనూ తీసుకెళ్లాలి. అప్పుడే చచ్చినదైతే ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. వేసిన మేత, పోసిన మందు, నీళ్లు మార్చిన తేదీ కాగితం మీద రాసివ్వాలి. మండలంలోని మత్స్యశాఖ అధికారిని ముందు సంప్రదించండి. ముత్తుకూరు, పెబ్బేరు మత్స్య కళాశాలల్లో నిపుణులున్నారు. చేపల జబ్బుల సమాచారం ఫోను నుంచే పంపడానికి కేంద్రం 2023లో 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' అనే యాప్‌ను విడుదల చేసింది.

మొదటి గంటలో చేయాల్సినవి

1. మేత ఆపండి.
2. అన్నీ ఒకేసారా, ఒక్కొక్కటిగానా అన్నది, చనిపోయిన వేళ రాసుకోండి.
3. చచ్చినవాటిని తీసి గొయ్యిలో సున్నం వేసి పూడ్చండి.
4. అడుగు చెత్త లాగి, ఒక రోజు నిల్వ ఉంచిన నీళ్లతో మూడో వంతు మార్చండి.
5. ఎయిరేటర్ పెంచండి.
6. పిల్లల్ని సీసాలో పెట్టి చూడండి. మచ్చ, చుక్క కనిపిస్తేనే చికిత్స ఆలోచించండి.

చివరగా ఒక మాట. జబ్బు చేసిన చేపల్ని, అమ్ముడుపోని చేపల్ని జాలిపడి చెరువులో వదలొద్దు. ఇవాళ మన కాలువల్లో, చెరువుల్లో మత్స్యకారుల వలలు చింపుతున్న దెయ్యం చేప కూడా ఒకప్పుడు అక్వేరియం గాజులు శుభ్రం చేయడానికి తెచ్చుకున్నదే. మన తొట్టిలోది మన తొట్టిలోనే ఉండాలి.